మైకులో చదివిన వడ్డాణం

అమలాపురం కోర్టులో సివిల్ కేసులు చూసే వకీళ్ళు చాలామందే ఉన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని పంట బోదె దాటే వకీలు మాత్రం కృపావతి గారొక్కరే. కొబ్బరితోట హద్దు తగాదా అంటూ ఎవరొచ్చినా ఆవిడ ముందుగా దస్తావేజు అడగరు.

"కాగితం ఎక్కడికీ పోదండి. ముందు చోటు చూడాలి," అంటారు.

వెళ్ళి హద్దు వెంట నడుస్తారు. చెట్ల వరస ఎటు తిరిగిందో, బోదెలో నీరు ఎటు పారుతోందో, మెరక ఎవరి వైపు ఉందో చూస్తారు. ఆ తర్వాతే కాగితం చేతిలోకి తీసుకుంటారు. ఈ పద్ధతి ఆవిడకి సీనియర్ సత్యనారాయణమూర్తి గారు నేర్పారు. రాజమండ్రిలో లా చదువుకుని, ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి వానాకాలంలోనే మోకాలి లోతు బురదలో నడిపించారాయన. కృపావతి గారిది రాజోలు దగ్గర పల్లె. తాతగారు ఇతరుల చేలల్లో కూలికి వెళ్ళినవారు. నాన్నగారు లాజరు మాస్టారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. బురద ఆ కుటుంబానికి కొత్త కాదు. సీనియర్ గారు పరీక్ష పెట్టాననుకున్నారు కానీ, ఆవిడకి అది పరీక్షలా అనిపించనే లేదు.

మూర్తి గారు నేర్పిన ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ముందు ముందు అది అవసరమవుతుంది. ఒకసారి ఒక తోట మీద ఇద్దరు రెండు దస్తావేజులు తెచ్చారు. ఒకటి పాతది, ఒకటి దొంగది. రెండూ పాతవాటిలాగే ఉన్నాయి. కృపావతి గారు తోట చుట్టూ నడిచి వచ్చి, "రెండు కాగితాల్లోనూ బోదె తూర్పున ఉందని రాసేరండి. నేను చూస్తే పడమర ఉంది," అన్నారు.

మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే పాతది రాసినవాడు పొరపాటు పడ్డాడమ్మా. రెండోవాడు తోటకి వెళ్ళకుండా దాన్ని చూసి రాసేడు. నిజం ఇద్దరికీ ఒకేలా తెలియొచ్చు. తప్పు మాత్రం ఒకడి దగ్గర్నించే రెండోవాడికి వస్తుంది."

ఇలా భూమి కేసులతో ఆవిడ జీవితం సాఫీగా గడిచేది. ఫోను అంటే కక్షిదారులతో మాట్లాడటానికి, పొద్దున్నే అక్కచెల్లెళ్ళకి బైబిలు వాక్యం పంపడానికి. అంతవరకే. అలాంటి మనిషి ఇవాళ కోనసీమలో పిల్లల ఫోను కష్టం ఏదొచ్చినా అందరికీ ముందుగా గుర్తొచ్చే వకీలు ఎలా అయ్యారన్నది ఇక్కడ చెప్పదలుచుకున్న కథ. అందులోని పిల్ల పేరు చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. లావణ్య అందాం. తల్లిదండ్రుల పేర్లూ, చుట్టాల పేర్లూ, ఊళ్ళూ మార్చాను. వడ్డాణం మాత్రం మార్చలేదు. అది మారిస్తే కథే లేదు.

అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో శ్యామ్ సుందర్ గారని కురిడీ కొబ్బరి వ్యాపారి ఉన్నారు. తోటల వాటాల కేసులో కృపావతి గారి కక్షిదారు. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆయన ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నారు. వెనకాల ఆయన భార్య భవానీదేవి గారు.

"కేసు వాయిదా ఇంకా ఉంది కదండీ," అన్నారు కృపావతి గారు.

"భూమి సంగతి కాదండి," అన్నారాయన. "మా అమ్మాయి సంగతి."

చెప్పుకొచ్చారు. తొమ్మిదో తరగతి చదివే లావణ్యకి ఫోనులో ఎవరో పరిచయమయ్యారు. చుట్టాల అమ్మాయినని చెప్పుకుని మాటలు కలిపారు. కొన్నాళ్ళు బాగానే మాట్లాడి, తర్వాత స్వరం మార్చారు. నీ ఫొటో మార్చి పాడు ఫొటో తయారుచేశాను, నేను అడిగినట్టు ఇంకా ఫొటోలు పంపకపోతే దాన్ని మీ నాన్న నంబరుకీ మీ ఊరి వాళ్ళకీ పంపుతానని బెదిరించారు. పిల్ల ఏదీ పంపలేదు. ఏడుస్తూ వచ్చి తల్లికి చెప్పింది. తల్లి తండ్రికి చెప్పింది.

"అప్పుడు మీరేం చేసేరండి?" అడిగారు కృపావతి గారు.

శ్యామ్ సుందర్ గారు కిటికీ వైపు చూశారు. భవానీదేవి గారే చెప్పారు. "ఫోను తీసుకెళ్ళి కాలవలో గిరాటేసేరండి."

"కోపం రాదేంటండీ," అన్నారాయన. "వాడికి మా ఇంట్లో ప్రతీ సంగతీ తెలుసు. దాని ముద్దుపేరు తెలుసు, మా అమ్మ పేరు తెలుసు, మేనమామ చేసే ఉద్యోగం తెలుసు, ఎవరేం నగ పెట్టేరో కూడా తెలుసు. ఇది చెప్పకపోతే వాడికెలా తెలుస్తాయండి? అదే అడిగేను దాన్ని. నేనేం చెప్పలేదు అంటది. ఫోనుతో పాటు అబద్ధాలూ నేర్చుకుంది. రాయవరంలో మా అక్క దగ్గర పెట్టేద్దామనుకుంటున్నాం. బడి కూడా మానిపించేసేం. టీసీకి చెప్పేసేను. మీరు ఓ సలహా ఇవ్వండి, బయటికి పొక్కకుండా."

వాడికెలా తెలుసు అన్న మాట శ్యామ్ సుందర్ గారు తిట్టుగా అన్నారు. కృపావతి గారికి అది అచ్చమైన ప్రశ్నగా వినిపించింది. నిజంగానే, ఎలా తెలుసు? పిల్ల చెప్పి ఉండొచ్చు. చుట్టాల్లో ఎవరైనా కావచ్చు. లేదా ఇంకేదైనా దారి ఉండాలి. ఆ దారి ఏమిటో ఆవిడకి ఆ నిమిషాన బొత్తిగా తెలియదు. తెలియదన్న సంగతే ఆవిడని కుదురుగా కూర్చోనివ్వలేదు.

"మీ అమ్మాయిని ఎక్కడికీ పంపకండి," అన్నారు. "టీసీ కూడా ఆపండి. రేపు మీ ఇంటికొస్తాను."

"ఇంటికెందుకండీ?"

"ముందు చోటు చూడాలి కదండీ," అన్నారావిడ.

మర్నాడు వాన కాస్త తెరిపిచ్చింది. కృపావతి గారు బస్సు దిగి, గొడుగు మూసుకుని, ఆ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. ఏం చూస్తున్నారో ఇంటివాళ్ళకి అర్థం కాలేదు. నిజానికి ఆవిడకీ తెలియదు. అలవాటు, అంతే. పెరట్లో కొబ్బరి డొక్కల పోగు తడవకుండా పెద్ద ఫ్లెక్సీ ఒకటి కప్పి ఉంది. మీద ఎండిన మట్టలు వేశారు. మట్టల సందుల్లోంచి ఒక ఆడపిల్ల మొహం నవ్వుతోంది.

"ఇదెవరండీ?"

"మా లావణ్యే," అన్నారు భవానీదేవి గారు. "వేసంకాలంలో ఓణీల ఫంక్షన్ చేసేం. అప్పుడు సెంటర్లో కట్టించింది. బాగా గట్టి ఫ్లెక్సీ అండి, పారేయబుద్ధి కాక ఇలా వాడుకుంటున్నాం."

కృపావతి గారు మట్టలు పక్కకి లాగారు. పిల్ల ఫొటో, పూర్తి పేరు, కింద ముద్దుపేరు. చదివే బడి పేరు. తల్లిదండ్రులు, నాయనమ్మ, మేనమామలు, వాళ్ళ ఉద్యోగాలు, ఊళ్ళు. ఆహ్వానించువారు అని తండ్రి ఫోను నంబరు. ఒక మూల నలుపు తెలుపు గళ్ళతో చిన్న చదరం.

"ఈ గళ్ళేంటండి?"

"దాన్ని ఫోనుతో చూపిస్తే ఫంక్షన్ లైవ్‌లో వస్తదండి. గల్ఫ్‌లో ఉన్న చుట్టాలు చూడాలి కదా. బుజ్జిబాబు పెట్టేడు, అమలాపురంలో స్టూడియో."

కృపావతి గారు తన ఫోను తీసి ఆ గళ్ళ మీద పట్టుకున్నారు. మొదటిసారి ఏమీ రాలేదు. మట్టి తుడిచి మళ్ళీ పెడితే వీడియో తెరుచుకుంది. మేళం మోగింది. తాళం లేదు, ఎవరని పేరు అడగలేదు. ఫంక్షన్ అయి నెలలు గడిచినా అది అక్కడే ఉంది, గేటు లేని తోటలాగా.

లావణ్య వెనక వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కృపావతి గారు పక్కనే కింద కూర్చున్నారు.

"నేను మీ నాన్నగారి లాయర్ని. నువ్వేం తప్పు చేసేవో అడగడానికి రాలేదు. నాకొకటి అర్థం కావట్లేదు, సాయం చేస్తావా?"

పిల్ల తలెత్తలేదు.

"నీతో మాట్లాడినమ్మాయి మొదట ఏమని చెప్పింది?"

"ఫంక్షన్‌కి వచ్చేనంది ఆంటీ. గంధం రాసేప్పుడు నా పక్కనే ఉన్నానంది."

"నువ్వెవరు, ఏ ఊరని అడగలేదా?"

లావణ్య ఇప్పుడు తలెత్తి ఆవిడ మొహం చూసింది, ఈవిడకి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఎలా అడుగుతాం ఆంటీ? చుట్టాల్ని మీరెవరని అడిగితే నొచ్చుకుంటారు కదా. ఫంక్షన్‌లో కూడా ఎవరెవరో బుగ్గలు పట్టుకుని నేనెవరో చెప్పు అంటారు. తెలుసన్నట్టు నవ్వేయడమే. అమ్మ అలాగే నేర్పింది."

భవానీదేవి గారు గుమ్మంలో నిలబడి విన్నారు.

"మన వైపు మర్యాద అంతేలే," అన్నారు కృపావతి గారు. "నేనైనా అలాగే నవ్వేద్దును."

"నాన్న నన్ను నమ్మట్లేదు ఆంటీ," అంది పిల్ల. "నేనేం చెప్పలేదు. ఒట్టు."

"ఒట్టు అక్కర్లేదమ్మా. ఎలా తెలిసిందో కనుక్కుందాం. అప్పుడు నమ్మడమా మానడమా అన్న పేచీ ఉండదు."

మాట ఇచ్చినంత తేలిక కాదు పని. ఆ వేషగాడు రాసిందంతా ఫోనులో ఉంది, ఫోను కాలవలో ఉంది. కాగితాలు చెదలు తిన్న భూముల కేసులు కృపావతి గారు చేశారు కానీ, కాగితం నీళ్ళలో పారేసిన కేసు ఇదే మొదటిది. తిన్నగా బుజ్జిబాబు స్టూడియోకి వెళ్ళారు.

బుజ్జిబాబు తన పనిలో నిక్కచ్చి మనిషి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. డ్రోన్ ఎగరేయడం దగ్గర్నించి పాట కలపడం దాకా చూసి, చెడగొట్టి, మళ్ళీ చేసి పట్టుకున్నాడు. కంప్యూటర్ ముందు నుంచి లేచి కుర్చీ వేశాడు.

"ఫోను కాలవలో పడితే మాటలు కూడా పోయినట్టేనా బాబూ?"

"పోవండి. ఫోను పడిద్ది గానీ ఎకౌంటు పడదండి. అదే నంబరుకి కొత్త సిమ్ తీయించి, వేరే ఫోనులో తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయండి. వాడు చెరిపేయకపోతే."

"అయితే ఆలస్యం చెయ్యకూడదు."

"ఆయ్."

ఆ సాయంత్రానికే తండ్రి వెళ్ళి సిమ్ తీయించారు. అందులో ఆయనకి ఇష్టమేమీ లేదు, వకీలు గారి మాట కాదనలేక. లావణ్యని పక్కన కూర్చోబెట్టుకుని భవానీదేవి గారి ఫోనులో తెరిచారు. మాటలన్నీ ఉన్నాయి. కృపావతి గారు ఒక్కొక్కటీ ఫొటో తీయించి భద్రం చేయించారు. ఏదీ చెరపవద్దన్నారు, జవాబు ఇవ్వవద్దన్నారు, ఎవరికీ పంపవద్దన్నారు. ఈ మూడు మాటలూ అప్పటికప్పుడు ఒక పోలీసు అధికారిణికి ఫోను చేసి కనుక్కున్నవే. తెలియనిది అడగడానికి ఆవిడకి సిగ్గు లేదు.

తర్వాత స్టూడియోలో కూర్చుని ఫంక్షన్ వీడియో మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు. ఒళ్ళో ఆ మాటల నకళ్ళు.

"మొత్తం చూస్తారేంటండీ?" అన్నాడు బుజ్జిబాబు. "పెళ్ళికూతురి తండ్రులు కూడా మొత్తం చూడరండి. డబ్బులిచ్చి తీయించుకుంటారు, భోజనాల దగ్గర తమ మొహం కనపడిందో లేదో చూసుకుని ఆపేస్తారు."

"హద్దు సగం నడిచి వచ్చేస్తే ఎలా బాబూ."

చూస్తున్నకొద్దీ ఆవిడకి ఆశ్చర్యం పెరిగింది. వేషగాడికి తెలిసిన ప్రతి సంగతీ ఇందులో ఉంది. నాయనమ్మని ఏమని పిలుస్తారో ఉంది. మేనమామ ఉద్యోగం మైకులో చెప్పారు. ఇల్లు ఎలా ఉంటుందో డ్రోన్ చూపించింది, పక్కనున్న కాలవ వంతెనతో సహా. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీని కెమెరా దగ్గరగా చూపించింది, ఫోను నంబరుతో సహా. కానీ ఇంతవరకూ అయితే చాలదు. ఇవన్నీ పిల్లకీ తెలుసు, చుట్టాలకీ తెలుసు. నిజం ఎవరికైనా ఒకేలా తెలియొచ్చు.

చదివింపులు మొదలయ్యాయి. మా వైపు ఎవరు ఏ కానుక ఇచ్చినా ఊరూ పేరూ వరసతో సహా మైకులో చదవాలి. చదవకపోతే ఇచ్చినవాళ్ళకి తిన్నది అరగదు. మైకు దగ్గరున్న మనిషి గొంతు సవరించుకుని చదువుతున్నాడు. "రాయవరం వాస్తవ్యులు, అమ్మాయి మేనత్త గారు వెంకటరమణమ్మ గారు, బంగారు వడ్డాణం..." అంతలో తెర మీద బొమ్మ గెంతింది. ఆకాశంలోంచి కొబ్బరితోటలు, నాదస్వరం. కాసేపటికి మళ్ళీ పందిరి, వేరే ఎవరిదో చీర చదువుతున్నారు.

"ఇక్కడ ఆపు," అన్నారు కృపావతి గారు. "చదివింపుల మధ్యలో తోటలెందుకొచ్చేయి?"

బుజ్జిబాబు నవ్వాడు. "అది నేనేనండి. లైవ్‌లో గొడవ చూపించడం బాగోదని డ్రోన్‌కి మార్చేసేను."

"ఏం గొడవ?"

"వడ్డాణం పెట్టింది మేనత్త గారు కాదండి బాబూ, అమ్మమ్మ గారు. వాడపల్లి దగ్గర, సత్యనారాయణమ్మ గారని. మైకువాడు పొరపాటున వరస తప్పి చదివేసేడు. మామ్మగారు కుర్చీలోంచి లేచి తిన్నగా మైకు దగ్గరికొచ్చేసేరండి. నా తోట మీద కాయ అమ్ముకుని నేను చేయిస్తే రాయవరం పేరు చదువుతావా అని. పందిరంతా నవ్వులు. మైకువాడు రెండుసార్లు సరిచేసి చదివేడు. ఆవిడ మూడోసారి కూడా చదివించుకుని గానీ కూర్చోలేదు. అప్పటిదాకా నేను తోటలు చూపిస్తానే ఉన్నాను."

"అంటే ఫంక్షన్‌కి వచ్చినవాళ్ళందరికీ వడ్డాణం ఎవరిదో తెలుసు."

"ఆయ్. తెలియని మనిషి లేడండి. ఇప్పటికీ ఆ ఊళ్ళో అదే వేళాకోళం."

"వీడియో చూసినవాడికి?"

బుజ్జిబాబు చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "వాళ్ళకి తెలియదండి."

కృపావతి గారు ఒళ్ళో ఉన్న నకళ్ళు తిరగేసి ఒకటి బయటికి తీశారు. అందులో ఆ వేషగాడి మాట ఉంది. మీ రాయవరం అత్తయ్య పెట్టిన వడ్డాణం నీకు ఎంత బాగుందో.

ఆవిడకి మూర్తి గారి మాట గుర్తొచ్చింది. బోదె పడమర ఉంటే తూర్పున రాసినవాడు తోటకి వెళ్ళలేదన్నమాట. ఈ మాట రాసినవాడు పందిట్లో అడుగుపెట్టలేదు. చుట్టం కాదు. పిల్ల దగ్గర వినలేదు, ఎందుకంటే పిల్ల చెప్పి ఉంటే అమ్మమ్మ పేరే చెప్పేది.

మర్నాడు శ్యామ్ సుందర్ గారి ఇంట్లో ముందు గదిలో కూర్చున్నారు. రాయవరం ప్రయాణానికి సర్దిన పిల్ల బ్యాగు గోడవారగా ఉంది. అప్పటికే కబురు తెలిసి సత్యనారాయణమ్మ గారు కూడా వచ్చి, మనవరాలి పక్కన మంచం మీద బైఠాయించారు.

"ఒక్క ప్రశ్నండి," అన్నారు కృపావతి గారు తండ్రితో. "ఫంక్షన్‌లో మీ అమ్మాయికి వడ్డాణం ఎవరు పెట్టేరు?"

"ఇప్పుడదెందుకండీ," అన్నారాయన నీరసంగా. "ఆ గొడవ మళ్ళీ ఎత్తకండి."

"ఎత్తమనే అడుగుతున్నాను."

"నేను పెట్టేనమ్మా," అన్నారు సత్యనారాయణమ్మ గారు. "రెండు తులాలు తక్కువైనా పర్లేదులే అంటే వినకుండా గట్టిది చేయించేను. ఊరందరికీ తెలుసు. ఆ మైకువాడికి తప్ప."

"మా అత్తగారే పెట్టేరండి," అన్నారు శ్యామ్ సుందర్ గారు.

కృపావతి గారు ఆ నకలు ఆయన చేతికిచ్చారు. ఆయన చదివారు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చదివారు.

"రాయవరం అంటాడేంటి?"

"అదేనండీ నేనూ అడుగుతున్నది. మీ అమ్మాయి చెప్పి ఉంటే వాడికిలా తెలుస్తుందా?"

లావణ్య మెల్లిగా అంది. "నేనది చదివి నవ్వేను నాన్నా. అందరూ అమ్మమ్మని అలాగే ఏడిపిస్తారు కదా. ఈ అమ్మాయి కూడా ఏడిపిస్తోంది, నిజంగా మన వాళ్ళే అనుకున్నాను."

కృపావతి గారు వీడియో పెట్టి ఆ ముక్క చూపించారు. మైకు గొంతు రాయవరం అంది, తోటలొచ్చాయి, నాదస్వరం మోగింది. తర్వాత ఆవిడ పెరట్లోని ఫ్లెక్సీ గురించి చెప్పారు. ఎవరో ఎక్కడో కూర్చుని ఇవన్నీ చూసి రాసుకున్నాడని, ఇంట్లో ఎవరూ వాడికి ఏమీ చెప్పనక్కర్లేదని చెప్పారు.

"అంటే మేమే చెప్పేమన్నమాట," అన్నారు భవానీదేవి గారు.

"మీరు మీ చుట్టాలకి చెప్పుకున్నారండి. వాడు విన్నాడు. తప్పు వాడిది."

శ్యామ్ సుందర్ గారు లేచారు. ఏం అంటారోనని అందరూ చూశారు. గోడవారగా ఉన్న బ్యాగు తీసి, జిప్పు లాగి, అందులోంచి పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి కూతురి ఒళ్ళో పెట్టారు. చివరి పుస్తకం చేతిలోనే ఉంచుకుని, "టీసీ అక్కర్లేదని చెప్పి వస్తాను. నువ్వూ రా. హెడ్మాస్టారు నీ ముందు నన్ను నాలుగు చివాట్లు పెడితే బాగుంటది," అన్నారు.

లావణ్య నవ్విందో ఏడ్చిందో అమ్మమ్మ భుజం అడ్డొచ్చి కనిపించలేదు.

ఫిర్యాదు ఇచ్చారు. పరువు భయం ఆయనకి ఇంకా ఉంది. పిల్ల పేరు గానీ ఇంటివాళ్ళ గుర్తు గానీ బయటికి రాకూడదని చట్టంలోనే ఉందని కృపావతి గారు చెప్పాక కుదుటపడ్డారు. సత్యనారాయణమ్మ గారు మాత్రం అది విని చిన్నబుచ్చుకున్నారు.

"అయితే కోర్టు కాగితంలో కూడా వడ్డాణం పెట్టింది నేనని నా పేరు పడదా అమ్మా?"

"పడినా బయటివాళ్ళకి కనపడదండి మామ్మగారూ."

"ఏం చట్టమో," అన్నారావిడ.

ఆ తర్వాత పని పోలీసులు చేశారు. నెలలు పట్టింది కానీ మనిషి దొరికాడు. వేరే రాష్ట్రంలో ఉండేవాడు. తెలుగు బాగానే చదవగలడు. గోదావరి ఎప్పుడూ చూడలేదు. వాడి దగ్గర ఇలాంటి ఫంక్షన్ల వీడియోలు ఊళ్ళవారీగా సర్ది ఉన్నాయట. కేసు నడుస్తోంది.

అక్కడితో ఇంకో వకీలైతే తిరిగి భూముల మీదికి వెళ్ళిపోయేవారు. కృపావతి గారిని ఆ వీడియోల సంగతి వదల్లేదు. ఇంకా ఎన్ని ఉన్నాయి? ఎవరు చూస్తున్నారు? తీసేయమంటే ఎవరు తీస్తారు, ఎలా అడగాలి? పిల్లల రక్షణ చట్టం పుస్తకం కొని చదివారు. అర్థం కాని చోట రాజమండ్రి వెళ్ళి అడిగి వచ్చారు. బుజ్జిబాబు దగ్గర కూర్చుని ఒక వీడియోకి తాళం ఎలా వేస్తారో, ఒకసారి బయటికి పోయినది ఎక్కడెక్కడికి పాకుతుందో నేర్చుకున్నారు. ఒక తల్లి రావాలిపాడు నుంచి వచ్చింది. తర్వాత కొత్తపేట నుంచి ఒక మాస్టారు పిల్లాణ్ణి తీసుకొచ్చారు, ఆటల్లో పరిచయమైనవాడు బెదిరిస్తున్నాడని. వచ్చినవాళ్ళందరూ మెట్ల మీదే గొంతు తగ్గించేస్తారు. ఆవిడ వాళ్ళని కూర్చోబెట్టి మొదట అడిగే మాట, నువ్వేం చేశావని కాదు, వాడికెలా తెలిసిందని.

భూమి కేసులు ఒక్కొక్కటే పక్క వకీళ్ళకి వెళ్ళిపోయాయి. మూర్తి గారు ఊరుకోలేదు.

"తోటల కేసు అంటే తాత వేస్తే మనవడి దాకా నడుస్తుందమ్మాయ్. నీ ముసలితనానికి ఢోకా లేదు. ఈ పిల్లల కేసుల్లో ఏముంది, తిరుగుడు తప్ప?"

"మీరే కదండీ నడవమన్నది," అన్నారావిడ.

"నేను బురదలో నడవమన్నాను. నువ్వు గాల్లో నడుస్తున్నావు."

"అక్కడా హద్దులుండాలండి. రాళ్ళే ఇంకా ఎవరూ పాతలేదు."

మూర్తి గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ వడ్డాణం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నారు. ఆ సంగతి ఆయన చాలాసార్లు చెప్పించుకున్నారు. చెప్పిన ప్రతిసారీ బోదె దగ్గరికి రాగానే తొడ చరుచుకుంటారు.

ఆవిడ ఉపన్యాసాలు ఇవ్వరు. బళ్ళలో మీటింగ్ అంటే వెళ్తారు గానీ, ఎక్కువగా కనిపించేది స్టూడియోల్లో, ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లో. పిల్ల ఫొటో వెయ్యండి, బడి పేరు ఎందుకండి? ఫోను నంబరు కార్డు మీద వేస్తే చాలదా? లింకు పిలిచినవాళ్ళకే తెరుచుకునేలా పెట్టండి, ఫంక్షన్ అయ్యాక మూసేయండి. మొదట్లో షాపులవాళ్ళు విసుక్కున్నారు, బేరం పోతుందని. బుజ్జిబాబు పని చేసే తీరు చూశాక వాళ్ళే మారారు. అతను చదివింపులు వచ్చేసరికి లైవ్‌లో మైకు గొంతు కట్టేసి నాదస్వరం కలుపుతాడు. పందిట్లో ఉన్నవాళ్ళకి పేర్లు వినిపిస్తాయి, బయటివాళ్ళకి మేళం వినిపిస్తుంది. అతుకు కనపడదు. గొడవ దాచడానికి కనిపెట్టిన పద్ధతి పిల్లల్ని దాచడానికి పనికొచ్చింది.

ఈ వేసవిలో శ్యామ్ సుందర్ గారి తమ్ముడి కూతురికి ఓణీలిచ్చారు. ఆ తమ్ముడితో నడిచిన తోటల వాటాల కేసు రాజీ అయిపోయింది, ఇప్పుడు రెండిళ్ళూ ఒకటే. కృపావతి గారు కూడా భోజనానికి వచ్చారు. చదివింపులు మొదలయ్యే వేళకి బుజ్జిబాబు అలవాటు ప్రకారం మైకు కట్టెయ్యబోతుంటే రాయవరం నుంచి వచ్చిన వెంకటరమణమ్మ గారు అడ్డు పడ్డారు. ఈసారి నిజంగానే ఆవిడ గొలుసు తెచ్చారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వినాలి.

"పోయినసారి నేను పెట్టనిది చదివేరు, అందరూ విన్నారు. ఇప్పుడు పెట్టింది చదువుతుంటే మేళం వాయిస్తారా? ఏం న్యాయం తమ్ముడూ ఇది?"

పందిట్లో నవ్వులు. అక్కగారి మాటలోనూ న్యాయం ఉంది. శ్యామ్ సుందర్ గారు ఎటూ తేల్చుకోలేక తల గోక్కున్నారు. బుజ్జిబాబు మీట మీద వేలు పెట్టుకుని ఆయన వైపు చూశాడు. ఆయన పందిట్లో వెతికి, వడ్డన చేస్తున్న లావణ్యని కేకేశారు. పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరబోతోంది. చేతిలో పులిహోర బేసిను.

"అమ్మా, అత్తయ్య గొలుసు లైవ్‌లో చదవమంటోంది. నువ్వేమంటావు?"

లావణ్య మేనత్త వైపు చూసింది, కొత్త ఓణీలో ఒదిగి కూర్చున్న చెల్లెలి వైపు చూసింది.

"బావకి నేను ఫోను చేసి చెప్తాలే అత్తయ్యా, గొలుసు మీరే పెట్టేరని," అంది. "మైకు కట్టేయండి అన్నయ్యా."

"విన్నావు కదా," అన్నారు శ్యామ్ సుందర్ గారు బుజ్జిబాబుతో. "అది చెప్పినట్టే చెయ్యి."

బుజ్జిబాబు మీట నొక్కాడు. నాదస్వరం అందుకుంది. విస్తరి ముందు కూర్చున్న కృపావతి గారు, లావణ్య వడ్డించిన పులిహోర ఇంకాస్త వెయ్యమన్నారు.